చేతి బ్రేకు ఎందుకు వదులవుతుంది?

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల తిరిగిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలు నింపుకొన్న ట్రాక్టర్లు, పికప్ బండ్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. గేటు లోపలికి ఒక బండి పోతే వెనకున్నవన్నీ ఒక్కొక్క బండి పొడవు ముందుకు జరుగుతాయి. మళ్ళీ ఆగుతాయి. ఒక్కొక్కసారి రాత్రంతా ఇలాగే సాగుతుంది. డ్రైవర్లు చింతచెట్ల కింద తువ్వాలు పరచుకొని నడుం వాలుస్తారు. వెంట వచ్చిన పిల్లలు నీడ కోసం రెండు బండ్ల మధ్య సందులో కూర్చొని ఆడుకుంటూ ఉంటారు.

కొన్నేళ్ళ కిందట అటువంటి వరుస పక్కనే నేను బస్సు కోసం నిలబడి ఉన్నాను. రోడ్డు చూపుకు చదునుగానే కనిపిస్తుంది కాని, ముందుకు పోయేకొద్దీ కొంచెం ఎగువ. నిండు బరువుతో ఉన్న ఒక పికప్ బండి, లోపల ఎవరూ లేకుండానే, ఇంజను చప్పుడు లేకుండానే వెనక్కి కదిలింది. మొదట కదులుతున్నట్టే తెలియలేదు. చూస్తూ ఉండగానే పోయి వెనక ఉన్న ట్రాక్టరు ముక్కుకు ధనామని కొట్టుకుంది. ఆ రెండింటి మధ్య సందులో అంతకు ఒక్క నిమిషం ముందు దాకా ఒక పిల్లవాడు కూర్చొని ఉన్నాడు. నీళ్ళు తాగడానికి లేచి పోయాడు కాబట్టి సరిపోయింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చి తలుపు తెరిచి అందరికీ చూపించాడు. హ్యాండ్ బ్రేకు లీవరు నిలువునా పైకి లాగే ఉంది!

ఆ బండి జారింది నాలుగు మీటర్లే. "నాలుగు మీటర్లకు ఏమవుతుందిలే" అని మీరు అనుకోవచ్చు. లెక్క చేసి చూద్దాం. బండి, సరుకు కలిపి 3000 కిలోగ్రాములు అనుకోండి. రోడ్డు వాలు 20కి 1 అనుకోండి. అంటే 20 మీటర్లు నడిస్తే 1 మీటరు ఎత్తు ఎక్కుతామన్న మాట. ఇటువంటి వాలు మీద బరువులో ఇరవయ్యో వంతు, అంటే 150 కిలోల బరువుకు సమానమైన బలం బండిని కిందికి లాగుతూ ఉంటుంది. గురుత్వ త్వరణంలో కూడా ఇరవయ్యో వంతే బండికి దక్కుతుంది: సెకనుకు సెకనుకు 0.49 మీటర్లు. చక్రాల ఘర్షణను వదిలేస్తే, నాలుగు మీటర్లు జారడానికి పట్టేది సుమారు 4 సెకన్లు. అప్పటికి దాని వేగం సెకనుకు 2 మీటర్లు. గతిజ శక్తి 6000 జౌళ్ళు. 60 కిలోల బియ్యం మూటను మూడంతస్తుల మేడ మీద నుంచి, అంటే 10 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిస్తే నేల తాకేటప్పుడు దానికి ఉండే శక్తి కూడా ఇంచుమించు అంతే. మనిషి నడక కన్నా కొంచెం ఎక్కువ వేగంతో కదిలే బండిలో అంత శక్తి దాగి ఉంది!

మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ నాయన పికప్ బండి నడుపుతాడు.

"సార్, మా నాయన బండికీ అంతే సార్. లీవరు పదకొండు సార్లు కటకట అంటాది. అయినా మిట్టలో నిలబెడితే జారతాది. లీవరు అంత పైకి లేస్తే బ్రేకు అంత గట్టిగా పడినట్టే కదా సార్? మరెందుకు జారతాది?"

ఈ ప్రశ్నలోనే మన పాఠమంతా ఉంది. లీవరు ఎంత ఎత్తు లేస్తే బ్రేకు అంత గట్టిగా పడినట్టు అని చాలామంది పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు. నిజం దాదాపు దానికి వ్యతిరేకం. ఎందుకో తెలియాలంటే చేతి నుంచి చక్రం దాకా బలం నడిచే దారి వెంట మనమూ నడవాలి.

బండి పరుగెత్తేటప్పుడు ఆపడానికి కాలి బ్రేకు ఉంటుంది. అది పెడల్ మీద మనం వేసిన బలాన్ని నూనె ద్వారా నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. చేతి బ్రేకు సంగతి వేరు. ఆగిన బండిని ఆగినచోటనే పట్టి ఉంచడం దాని పని. చాలా పికప్ బండ్లలో అది వెనక చక్రాలు రెండింటినే పట్టుకుంటుంది. అందులో నూనె ఉండదు. ఉన్నది ఉక్కు తీగల కేబులు. నూనె కారిపోయి కాలి బ్రేకు పోయినా చేతి బ్రేకు మిగలాలన్నదే దీని ఉద్దేశం. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా కారు, పికప్ వంటి బండికి కాలి బ్రేకు, నిలుపుడు బ్రేకు విడివిడిగా ఉండాలని చెబుతున్నాయి.

డ్రైవరు పక్కన ఉండే లీవరు మీరు సామాన్య యంత్రాల పాఠంలో చదువుకున్న లీవరే. చెయ్యి పట్టేచోటు కీలు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. కేబులు తగిలించిన చోటు కీలుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. యాంత్రిక లాభం 6. డ్రైవరు 30 కిలోల బలంతో లాగితే కేబులు మీద 180 కిలోల లాగుడు పడుతుంది. లీవరు కింద పళ్ళున్న ముక్క ఒకటి, ఆ పళ్ళలో పడే నాలుక ఒకటి ఉంటాయి. కటకటమని వినిపించేది ఆ నాలుక ఒక్కొక్క పన్ను దాటే చప్పుడు. ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అందుకే చెయ్యి తీసినా లీవరు అక్కడే నిలుస్తుంది. గుండీ నొక్కితే నాలుక పైకి లేచి వదులుతుంది.

అక్కడి నుంచి కేబులు బండి అడుగున వెనక్కి పోతుంది. గొట్టంలో తీగ దూర్చి, తీగను లాగితే గొట్టం నిలిచి తీగ మాత్రం కదిలే ఈ ఏర్పాటుకు 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన పేటెంటు పొందాడు. మీ సైకిల్ బ్రేకు తీగ కూడా అదే. వంపులు తిరిగిన దారిలో కూడా లాగుడును చేరవేయగలగడం దాని గొప్పతనం. బండి అడుగున ఒకచోట ఈ లాగుడు రెండుగా చీలి కుడి చక్రానికి, ఎడమ చక్రానికి సమానంగా పోతుంది. కాడికి రెండు వైపులా కట్టిన ఎద్దులు బరువును పంచుకున్నట్టే ఇక్కడ ఒక చిన్న అడ్డపట్టీ లాగుడును పంచుతుంది. దాన్ని మెకానిక్కులు ఈక్వలైజరు అంటారు. ఇప్పుడు ఒక్కొక్క చక్రానికి 90 కిలోలు.

చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె వంటిది బ్రేకు డ్రమ్ము. దాని లోపల రెండు వంపు పట్టీలు ఉంటాయి. వాటి పేరు బ్రేకు షూలు. వాటి మీద అతికించిన గరుకు పొర లైనింగు. మోటారు బండ్లకు ఈ డ్రమ్ము బ్రేకును 1902లో రూపొందించిన ఘనత ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ రెనోకు ఇస్తారు. కేబులు డ్రమ్ములోకి వచ్చి ఇంకొక చిన్న లీవరును లాగుతుంది. దాని యాంత్రిక లాభం 5 అనుకుందాం. 90 కాస్తా 450 అయింది. ఆ బలం రెండు షూల పైకొనలను చెరొక వైపుకు తోస్తుంది. షూ కింది కొన కదలదు కాబట్టి షూ కూడా ఒక లీవరే! పైకొన మీద 450 కిలోలు పడితే, నడుమ ఉన్న లైనింగు డ్రమ్మును సుమారు 900 కిలోలతో ఒత్తుతుంది. డ్రైవరు చేతిలో 30 కిలోలుగా బయలుదేరిన బలం ఎక్కడికి వచ్చిందో చూశారా?

ఇది చాలునా? వాలు బండిని లాగే బలం 150 కిలోలు. ఒక్కొక్క వెనక చక్రం వంతు 75. కాని ఆ బలం పనిచేసేది టైరు అంచున, ఇరుసుకు 35 సెంటీమీటర్ల దూరంలో. బ్రేకు పట్టేది డ్రమ్ము అంచున, 14 సెంటీమీటర్ల దూరంలో. అందుచేత డ్రమ్ము దగ్గర రెండున్నర రెట్లు, అంటే 188 కిలోల ఘర్షణ కావాలి. లైనింగుకూ ఇనుముకూ మధ్య ఘర్షణ గుణకం 0.35 అనుకుంటే ఒక్కొక్క షూ 315 కిలోల ఘర్షణ ఇస్తుంది. రెండు షూలకు 630. కావలసిన దానికి మూడు రెట్లకు పైగా ఉంది. వాలు ఇంకొక రెట్టింపు ఏటవాలుగా ఉన్నా బండి నిలుస్తుంది. నేను తీసుకున్న అంకెలు లెక్క సులువు కోసం తీసుకున్నవి. బండి మారితే అవి మారతాయి. దారి మాత్రం ఇదే.

మరి ఇంత బలం ఉండి కూడా ఆ బండి ఎందుకు జారింది?

సామాన్య యంత్రం ఏదీ బలాన్ని ఊరికే ఇవ్వదు. బలం ఎన్ని రెట్లు పెరిగితే దూరం అన్ని రెట్లు తరుగుతుంది. మన లెక్కలో లీవరుకు 6, డ్రమ్ములోని లీవరుకు 5, షూకు 2. ఈ మూడింటినీ గుణిస్తే 60. కాబట్టి రెండు షూలూ కలిపి 1 మిల్లీమీటరు కదలాలంటే డ్రైవరు చెయ్యి 60 మిల్లీమీటర్లు కదలాలి! చెయ్యి దగ్గర ఒక్కొక్క క్లిక్కు 2 సెంటీమీటర్లు అనుకుంటే, అది మూడు క్లిక్కులు.

ఇప్పుడు లైనింగు అరగడం మొదలుపెట్టండి. ఒక్కొక్క షూ మీద అర మిల్లీమీటరు అరిగింది. అంటే మీ పాఠ్యపుస్తకంలో నాలుగైదు కాగితాల మందం. రెండు షూలకూ కలిపి 1 మిల్లీమీటరు. మొన్నటి దాకా అయిదు క్లిక్కులకే పట్టిన బ్రేకు ఇవాళ ఎనిమిది క్లిక్కులకు గాని పట్టదు. ఇంకొక అర మిల్లీమీటరు అరిగితే పదకొండు. లీవరుకు ఉన్నవే పన్నెండు పళ్ళనుకోండి. ఆ పదకొండు క్లిక్కుల్లో ఎక్కువ భాగం షూ డ్రమ్మును తాకే దాకా ఖాళీలో నడిచిన నడకే. షూ తాకిన తర్వాతనే కదా ఒత్తిడి మొదలయ్యేది! ఒత్తిడి పుట్టే సమయానికి లీవరుకు ఇక లేవడానికి చోటు లేదు. లీవరు ఎక్కువ లేచిందంటే బ్రేకు గట్టిగా పడిందని కాదు, మధ్యలో వదులు ఎక్కువగా ఉందని అర్థం. మెకానిక్కుల భాషలో "ప్లే ఎక్కువైంది".

దీన్ని మీ బల్ల మీదనే చూడవచ్చు. 30 సెంటీమీటర్ల స్కేలు కింద, 5వ సెంటీమీటరు గీత దగ్గర, ఒక పెన్సిలు అడ్డంగా పెట్టండి. పొట్టి కొన బల్లను తాకేటట్టు, పొడవు కొన గాలిలో లేచేటట్టు పట్టుకోండి. పొట్టి కొనకు చెరొక పక్కన పలుచని నోటు పుస్తకాలు పెట్టి, వాటి మీద వంతెనలాగా ఒక బరువైన పుస్తకం ఉంచండి. ఆ పుస్తకం అడుగుభాగం బల్లకు అర సెంటీమీటరు ఎత్తులో ఉన్నప్పుడు పొడవు కొనను నొక్కితే, పొట్టి కొన సులువుగా పుస్తకాన్ని పైకి లేపుతుంది. ఇప్పుడు నోటు పుస్తకాలు పెంచి ఆ ఎత్తును ఒకటిన్నర సెంటీమీటరు చేయండి. మళ్ళీ నొక్కండి. పొట్టి కొన పుస్తకాన్ని అందుకోకముందే పొడవు కొన బల్లకు తగిలి ఆగిపోతుంది. మీరెంత బలవంతులైనా ఇక చేయగలిగింది లేదు. ఆ రోజు పికప్ బండిలో జరిగింది సరిగ్గా ఇదే.

వదులు రావడానికి లైనింగు అరుగుదల ఒక్కటే కారణం కాదు. కేబులు కొత్తగా ఉన్నప్పుడు అందులోని సన్నతీగలు ఒకదానిలో ఒకటి ఇంకా సర్దుకొని ఉండవు. కొన్నాళ్ళు లాగగా లాగగా సర్దుకొని పొడవు కొంచెం పెరుగుతుంది. వానాకాలంలో గొట్టంలోకి నీళ్ళు, మట్టి చేరితే తీగ తుప్పుపట్టి బిగుసుకుంటుంది. అప్పుడు వచ్చే కష్టం వేరు. లీవరు వదిలినా తీగ వెనక్కి రాదు, బ్రేకు పూర్తిగా వదలదు.

ఆ కుర్రవాడిని, వాళ్ళ నాయననూ వెంటబెట్టుకొని ఒక ఆదివారం మెకానిక్ షెడ్డుకు పోయాను. మెకానిక్కు లీవరును ఒకసారి లాగి చూసి, "అయ్యవారూ, రెండు నిమిషాల పని. కింద నట్టు తిప్పితే సరి" అన్నాడు. ఈక్వలైజరు దగ్గర మరచుట్లున్న కడ్డీ, దాని మీద నట్టు ఉంటాయి. నట్టు బిగిస్తే కేబులు పొట్టి అవుతుంది, వదులు పోతుంది. నిజమే, రెండు నిమిషాల పనే. కాని ఆ మాటకు నేను ఒప్పుకోలేదు. డ్రమ్ము విప్పి చూడమన్నాను. అతడు మొదట విసుక్కున్నాడు. అయినా పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు కాబట్టి నేను ఎందుకు అంటున్నానో వెంటనే గ్రహించాడు.

వదులు ఎక్కడ పుట్టిందో అక్కడే తీయాలి. లైనింగు అరిగి వచ్చిన వదులును కేబులు బిగించి కప్పిపుచ్చితే, లీవరు మళ్ళీ అయిదు క్లిక్కులకు పట్టినట్టే కనిపిస్తుంది. లోపల లైనింగు అయిపోవచ్చిన సంగతి మనకు తెలియజేసే గుర్తు ఆ క్లిక్కుల లెక్క ఒక్కటే. దాన్నే చెరిపివేశామన్న మాట! ఇంకొక చిక్కు కూడా ఉంది. కేబులును అతిగా బిగిస్తే డ్రమ్ములోని చిన్న లీవరు తన విశ్రాంతి స్థానానికి పూర్తిగా వెనక్కి రాదు. చాలా బండ్లలో షూ అరిగేకొద్దీ ఖాళీని దానంతటదే పూడ్చుకొనే పళ్ళచక్రం డ్రమ్ములో ఉంటుంది. చిన్న లీవరు విశ్రాంతి స్థానానికి రాకపోతే ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు.

పని ఎలా జరిగిందో చెబుతాను. బండిని చదును నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు వేశారు. చేతి బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఇరుసును జాకీతో ఎత్తి, రెండు పక్కలా ఇనుప స్టాండ్లు నిలిపారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు. మెకానిక్కు కూడా దూరకూడదు, మీరు అసలే దూరకూడదు. డ్రమ్ము విప్పితే నల్లని పొడి. అటువంటి పొడిని నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచారు. లైనింగు అరిగింది కాని ఇంకా కొంత మిగిలి ఉంది. ఆ బండిలోని పళ్ళచక్రం మట్టితో బిగుసుకుపోయి తిరగడం మానేసింది. దాన్ని శుభ్రం చేసి, డ్రమ్ము మళ్ళీ తొడిగి, వెనక పలకలోని రంధ్రం గుండా స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క పన్నే తిప్పుతూ, చక్రాన్ని చేత్తో తిప్పి చూశారు. షూ డ్రమ్మును ఒరుసుకుంటున్న సన్నని చప్పుడు వచ్చాక కొన్ని పళ్ళు వెనక్కి తిప్పారు. చప్పుడు ఆగింది. రెండో చక్రానికీ అంతే. కాలి బ్రేకును నాలుగైదు సార్లు తొక్కి షూలు సర్దుకోనిచ్చారు.

ఇదంతా అయిన తర్వాత లీవరు లాగి లెక్కపెట్టమని కుర్రవాడికి చెప్పాను. ఏడు! కేబులు జోలికి ఇంకా పోనేలేదు. పదకొండులో నాలుగు క్లిక్కులు షూల దగ్గరే తేలిపోయాయి. మిగిలినది కేబులు వంతు. అప్పుడు చెక్ నట్టు వదులు చేసి, సర్దుబాటు నట్టును బిగించారు. అయిదో క్లిక్కుకు రెండు చక్రాలూ చేత్తో తిప్పితే కదలకుండా పట్టేశాయి. లీవరు పూర్తిగా దించితే రెండూ స్వేచ్ఛగా తిరిగాయి. ఈ రెండో పరీక్షను చాలామంది మరచిపోతారు. చివర చెక్ నట్టు బిగించి సర్దుబాటు నట్టు కదలకుండా చేశారు. ఎన్ని క్లిక్కులు ఉండాలన్నది అన్ని బండ్లకూ ఒకటి కాదు. బండితో ఇచ్చే పుస్తకంలో ఆ అంకె ఉంటుంది.

బిగువు ఎక్కువైతే ఏమవుతుంది? షూలు ఎప్పుడూ డ్రమ్మును ఒరుసుకుంటూనే ఉంటాయి. ఘర్షణ ఉన్నచోట వేడి పుడుతుంది. బ్రేకు అంటేనే చలనశక్తిని వేడిగా మార్చే యంత్రం. ఆ వేడి ఎంతో ఊహించడానికి తిరుమల ఘాటు రోడ్డును తీసుకోండి. 1944లో తెరిచిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు కొండ దిగే దారి. సుమారు 19 కిలోమీటర్లలో దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. యాత్రికులతో కలిపి 2500 కిలోల జీపు ఆ కొండ దిగితే అది కోల్పోయే స్థితిజ శక్తి సుమారు 1 కోటి 70 లక్షల జౌళ్ళు. నాలుగు బిందెల నీళ్ళను, అంటే 58 లీటర్లను, 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి ఆ శక్తి చాలు! దీనినంతా బ్రేకుల మీద పడనివ్వకుండా తక్కువ గేరులో దిగితే ఇంజను చాలా భాగం మింగుతుంది. చేతి బ్రేకు కొంచెం పట్టి ఉన్న సంగతి తెలియక దిగే బండిలో మాత్రం వెనక డ్రమ్ములు కాలిపోతాయి. కాలిన లైనింగుకు ఘర్షణ గుణకం తగ్గిపోతుంది.

వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది కూడా. పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు పెరుగుతుంది. 28 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువగా పెరుగుతుంది. దాన్ని మన 60తో గుణించండి. చేతి దగ్గర ఒకటిన్నర క్లిక్కు. ఘాటు దిగి వచ్చిన వెంటనే లీవరు లెక్కపెట్టి "బ్రేకు వదులైంది" అని నట్టు బిగించేస్తే, డ్రమ్ము చల్లారి ముడుచుకున్నాక షూలు పట్టుకుంటాయి. అందుకే ఈ పని చల్లారిన బండికే చేయాలి.

ఇక మన వాళ్ళ రాయి గురించి. బ్రేకు నమ్మకం లేని బండికి క్లీనరు దిగి చక్రం కింద రాయి వేస్తాడు. తప్పేమీ లేదు, వేయవలసిందే. గుండ్రటి చిన్న రాయిని టైరు ఎక్కి దాటేస్తుంది, లేదా ముందుకు నెట్టుకుపోతుంది. వెడల్పు అడుగు ఉండి, టైరుకు ఆనుకొనే చెక్క దిమ్మ అయితే మేలు. నాకు కోపం వచ్చేది రాయి వేసినందుకు కాదు. బండి కదిలాక ఆ రాయిని రోడ్డు మీదనే వదిలి పోయినందుకు. మొగిలి ఘాటులో గాని, భాకరాపేట ఘాటులో గాని చీకటి పడ్డాక మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఆ రాయి కనిపించదు. తాడు కట్టిన చెక్క దిమ్మను బండిలో ఉంచుకుంటే ఆ బాధే లేదు. తాడు లాగితే దిమ్మ చేతికి వస్తుంది.

గేరులో పెట్టి నిలపడం కూడా మంచిదే. బండి ముఖం ఎగువకు ఉంటే మొదటి గేరు, దిగువకు ఉంటే రివర్సు గేరు. ఇంజను కదలనని మొరాయించడం వల్ల చక్రాలు ఆగుతాయి. అయితే టైరు మార్చేటప్పుడు వెనక చక్రం ఒకదాన్ని జాకీతో ఎత్తారా, గేరు పట్టు పోయినట్టే. రెండు వెనక చక్రాలకూ మధ్య ఉండే డిఫరెన్షియల్ గాలిలో ఉన్న చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది, నేల మీద ఉన్న చక్రం దొర్లుతుంది. చేతి బ్రేకుకు ఆ లోపం లేదు. అది రెండు చక్రాలనూ విడివిడిగా పట్టుకుంటుంది. కొండ వాలులో నిలిపేటప్పుడు స్టీరింగును కొండ వైపుకు తిప్పి ఉంచితే, ఒకవేళ జారినా బండి లోయ వైపుకు కాక గట్టుకు పోయి ఆనుకుంటుంది.

పెద్ద లారీల్లో, బస్సుల్లో ఏర్పాటు తలకిందులుగా ఉంటుంది. అక్కడ బలమైన స్ప్రింగు బ్రేకును పట్టి ఉంచుతుంది, గాలి ఒత్తిడి దాన్ని వదిలిస్తుంది. గాలి పోతే బ్రేకు పడుతుంది. చిన్న బండ్లకు ఆ సౌకర్యం లేదు. వాటిలో పట్టు అంతా మనిషి లాగిన లాగుడే.

డ్రైవరు సీటులో లేనప్పుడు బండి దానంతటదే కదలకుండా ఇంజను ఆపి, బ్రేకు వేసో మరొక విధంగానో కట్టుదిట్టం చేయనిదే బండిని వదిలి పోకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. ఆ కుర్రవాడు చట్టం చదవలేదు. కాని నేను చెప్పిన ఒక పని మాత్రం చేశాడు. తన నోటు పుస్తకం చివరి పేజీలో తేదీ వేసి, నెలకొకసారి పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు క్లిక్కులు లెక్కపెట్టి రాశాడు. మొదటి అంకె 11. దాని కింద 5. మామిడి కాయల తోలకం ముగిసే నాటికి ఆ అంకె 6. దసరా సెలవుల తర్వాత పుస్తకం తెచ్చి చూపించాడు. చివరి అంకె 7.

"సార్, అంటే రెండు షూలకూ కలిపి ముప్పాతిక మిల్లీమీటరు కంటే తక్కువ అరిగినట్టు కదా?" అన్నాడు.

కేబులు కూడా కొంచెం సాగి ఉంటుంది, అందులో దాని వంతు తీసేయమన్నాను.